ఫార్మసిస్టు లైసెన్సు పరీక్ష: ఏం అడుగుతుంది, ఎలా చదవాలి

అమెరికాలో మందుల షాపు కౌంటరు వెనక నిలబడి మందు ఇవ్వడానికి ఫార్మసీ డిగ్రీ ఒక్కటే చాలదు. ఆ రాష్ట్రపు ఫార్మసీ బోర్డు ఇచ్చిన లైసెన్సు కావాలి. దానికి మామూలుగా రెండు పరీక్షలు దాటాలి. ఒకటి నేప్లెక్స్. ఇది మందుల గురించి, చికిత్స గురించి, మోతాదుల లెక్కల గురించి అడుగుతుంది, యాభై రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. రెండోది మందుల చట్టాల మీద పెట్టే ఎంపీజేఈ. దీన్ని రాష్ట్రానికి తగ్గట్టు విడివిడిగా రాయాలి. కాలిఫోర్నియా లాంటిచోట దీని బదులు సొంత పరీక్ష ఉంటుంది. నేప్లెక్స్‌నూ ఎంపీజేఈనీ తయారుచేసేది అక్కడి ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం, ఎన్‌ఏబీపీ. ఒక రాష్ట్రంలో లైసెన్సు పొందినవారు మరో రాష్ట్రానికి వెళ్ళినప్పుడు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టకుండా ఉండే ఏర్పాటు కోసం 1904లో ఈ సంఘం పుట్టింది.

నేప్లెక్స్‌లో 225 ప్రశ్నలు, ఆరు గంటల సమయం. అందులో 25 ప్రశ్నలకు మార్కులు ఉండవు. అవి ముందు ముందు వాడబోయే ప్రశ్నలు, అభ్యర్థుల మీద ప్రయోగించి చూస్తారు. ఏవి అసలైనవో ఏవి ప్రయోగమో రాసేవారికి తెలియదు కాబట్టి అన్నిటికీ ఒకే శ్రద్ధ పెట్టక తప్పదు. ప్రశ్నకు జవాబిచ్చి ముందుకు కదిలాక వెనక్కి వచ్చి దిద్దుకునే వీలు లేదు. తెలిసినవి ముందు రాసేసి కష్టమైనవి చివర చూసుకుందామనే అలవాటు ఇక్కడ పనికిరాదు. కొన్ని ప్రశ్నలకు నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకుంటే చాలు. కొన్నిటికి సరైనవన్నీ గుర్తించాలి. కొన్ని పనులను వరస క్రమంలో పెట్టమంటాయి. లెక్కల్లో కొన్నిటికి ఎంపికలే ఉండవు, వచ్చిన అంకెను టైపు చేయాలి. తప్పితే 45 రోజులు ఆగి మళ్ళీ రాయవచ్చు, మొత్తం మీద ఐదు అవకాశాలు. 2021 నుంచి ఫలితంలో మార్కులు చెప్పడం మానేశారు, పాస్ లేదా ఫెయిల్ అన్న మాట మాత్రమే వస్తుంది.

ఫలితం ఇలా ఒక్క మాటలో రావడం చాలామందికి చప్పగా అనిపిస్తుంది గాని, పరీక్ష స్వభావమంతా అందులోనే ఉంది. తెలుగు రాష్ట్రాల విద్యార్థికి పరీక్ష అనగానే ఎమ్‌సెట్ గుర్తొస్తుంది. అక్కడ సీట్లు ఇన్ని అని ముందే ఉంటుంది, పక్కవాడికంటే ఒక మార్కు ఎక్కువ వస్తే ర్యాంకు ముందుకు జరుగుతుంది. లైసెన్సు పరీక్షకు సీట్లు లేవు. రాసినవారందరూ సమర్థులైతే అందరినీ పాస్ చేయాలి, ఎవరూ కాకపోతే ఎవరినీ చేయకూడదు. ఇక్కడ గీత ఎక్కడ గీయాలన్నదే చిక్కు ప్రశ్న. ఇలాంటి పరీక్షల్లో విరివిగా వాడే పద్ధతిని 1971లో విలియం ఆంగాఫ్ సూచించాడు. ఆ వృత్తిలో ఉన్న నిపుణులను కూర్చోబెట్టి, అరకొరగానైనా సరే ప్రజలకు హాని చేయకుండా పనిచేయగల కనీస స్థాయి ఫార్మసిస్టును ఊహించుకోమంటారు. ఒక్కొక్క ప్రశ్నకూ అలాంటివాళ్ళు వందమందిలో ఎంతమంది సరైన జవాబు ఇస్తారో అంచనా వేయిస్తారు. ఆ అంచనాల సగటు నుంచి పాస్ గీత వస్తుంది. ఒకసారి ప్రశ్నపత్రం కాస్త కష్టంగా, మరోసారి తేలిగ్గా ఉంటే ఆ తేడాను గణాంక పద్ధతులతో సరిచేస్తారు.

దీన్నిబట్టి చదవవలసిన తీరు కూడా మారుతుంది. ర్యాంకు పరీక్షలో ఒక సబ్జెక్టులో అసాధారణంగా రాణించి మరోదాన్ని వదిలేసినా నెట్టుకురావచ్చు. కనీస స్థాయిని కొలిచే పరీక్షలో అరుదైన రోగాల మీద పాండిత్యం కంటే రోజూ కౌంటరు మీదికొచ్చే బీపీ, షుగరు, ఆస్తమా, రక్తం పలచబరిచే మందులు, యాంటీబయాటిక్‌ల మీద పట్టు ముఖ్యం. ఏ పొరపాటు మనిషిని ఆసుపత్రి పాలు చేస్తుందో అది తప్పకుండా తెలిసి ఉండాలి. ఇంత చెప్పినా పరీక్ష తేలికని కాదు. అమెరికా కళాశాలల నుంచి వచ్చి మొదటిసారి నేప్లెక్స్ రాసినవారిలో 2020లో 88 శాతం దాకా గట్టెక్కారు. 2023 నాటికి అది 80 శాతం లోపుకు దిగింది.

చదివింది ఎందుకు నిలవదు

ఫార్మసీ విద్యార్థి చదువు సాధారణంగా ఇలా సాగుతుంది. లావుపాటి గైడు తీస్తాడు, ముఖ్యమైన వాక్యాల కింద పసుపు రంగు గీస్తాడు, అధ్యాయం అయ్యాక మళ్ళీ మొదటినుంచి చదువుతాడు. మూడోసారికి ప్రతి వాక్యమూ పరిచయంగా అనిపిస్తుంది. వచ్చేసిందనుకుని పుస్తకం మూస్తాడు. చూడగానే గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. పరీక్ష కోరేది రెండోదాన్ని.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే ఈ తేడాను కొలిచి చూపించారు. కళాశాల విద్యార్థులకు చిన్న విజ్ఞాన వ్యాసాలు ఇచ్చి, కొందరిని రెండుసార్లు చదవమన్నారు. మరికొందరిని ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం చూడకుండా గుర్తున్నదంతా రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవారే ముందున్నారు, 81 శాతానికి 75 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. మళ్ళీ చదివినవారికి 42 శాతం గుర్తుంటే, గుర్తు తెచ్చుకుని రాసినవారికి 56 శాతం గుర్తుంది. జ్ఞాపకం నుంచి ఒక విషయాన్ని బయటికి లాగడమే దాన్ని గట్టిపరుస్తుంది. అందుకే ప్రశ్నలు సాధన చేయడమంటే వచ్చిందో లేదో చూసుకోవడం మాత్రమే అనుకుంటే పొరపాటు, అసలు చదువు జరిగేది అప్పుడే. 2013లో జాన్ డన్‌లాస్కీ బృందం పది రకాల చదువు పద్ధతులను పరిశీలించినప్పుడు రెండింటికే పెద్దపీట వేసింది. ఒకటి తనను తాను ప్రశ్నించుకోవడం, రెండోది చదువును రోజుల మీద విడగొట్టడం. గీతలు గీయడం, మళ్ళీ మళ్ళీ చదవడం అట్టడుగున నిలిచాయి. విద్యార్థులు ఎక్కువగా చేసేవి ఆ రెండే కావడం విచారకరం.

విడగొట్టి చదవడం వెనక శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. జర్మనీలో హెర్మాన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో అచ్చువేశాడు. మరపు మొదట వేగంగా, ఆపైన నెమ్మదిగా సాగుతుందని అతని గీత చూపింది. మరచిపోబోయే వేళకు మళ్ళీ గుర్తు చేసుకుంటే తర్వాతి మరపు ఇంకా నెమ్మదిస్తుంది. ఎంత విరామం మేలన్నదాన్ని 2008లో నికొలస్ సెపెడా బృందం 1,350 మందికి పైగా మనుషులతో పరీక్షించింది. వారం తర్వాత గుర్తుండాలంటే ఆ వ్యవధిలో 20 నుంచి 40 శాతం విరామం ఇవ్వాలి, అంటే ఒకటిన్నర నుంచి మూడు రోజులు. ఏడాది తర్వాత గుర్తుండాలంటే 5 నుంచి 10 శాతం చాలు, అంటే సుమారు మూడు నుంచి ఐదు వారాలు. మూడు నెలల్లో పరీక్ష ఉన్నవారు గుండె మందులను ఒకే వారంలో పూర్తిచేసి ఇక వాటివైపు చూడకపోతే, పరీక్షనాటికి మిగిలేది తక్కువే. అదే సమయాన్ని మూడు విడతలుగా పంచుకుంటే అదనపు శ్రమ లేకుండానే ఎక్కువ నిలుస్తుంది.

దీనికి పనికొచ్చే సాధనం చాలా చవకైనది. 1972లో జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ అట్టముక్కల పెట్టె పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ముక్కకు ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు. సరిగ్గా చెప్పగలిగిన ముక్క తర్వాతి అరలోకి వెళ్ళి ఆలస్యంగా తిరిగొస్తుంది. తప్పిన ముక్క మొదటి అరకే వచ్చి మర్నాడే ఎదురవుతుంది. ఇప్పటి ఫోను యాప్‌లు చేసేదీ దాదాపు ఇదే. వాటిలో ఒక ప్రమాదం ఉంది. ఇంకొకరు తయారుచేసిన వేల ముక్కలను దించుకుని రోజంతా తిప్పడం చదువుగా చలామణి అవుతుంది. తాను తప్పిన ప్రశ్న నుంచి తానే రాసుకున్న ముక్క అంతకంటే ఎంతో విలువైనది.

నిద్ర గురించి ఒక్క మాట. 1924లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జాన్ జెంకిన్స్, కార్ల్ డాలెన్‌బాఖ్ ఇద్దరు విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, నేర్చుకున్నాక నిద్రపోయినప్పుడు మెలకువగా ఉన్నప్పటికంటే మరపు తక్కువని తేలింది. ఆ తర్వాతి పరిశోధనలు అదే దారిలో చాలా దూరం వెళ్ళాయి. ఆరు గంటల పరీక్షకు ముందురోజు రాత్రంతా మేల్కొనడం రెండు విధాలా నష్టం.

పేర్ల చివర ఉన్న ఆధారం

ఫార్మసిస్టు తెలుసుకోవలసిన మందులు వందల్లో ఉంటాయి. అదృష్టవశాత్తు వాటి పేర్లు గాలికి పెట్టినవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి మందులకు అంతర్జాతీయ సాధారణ నామాల జాబితాలు ప్రచురిస్తోంది. ఒకే కుటుంబపు మందులకు పేరులో ఒకే ముక్క ఉంటుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ అన్నీ ఒక ఎంజైమును అడ్డుకుని బీపీ తగ్గించేవి. లోసార్టాన్, టెల్మిసార్టాన్, వాల్సార్టాన్ అదే దారిలో ఒక మెట్టు కింద పనిచేసేవి. అటెనొలాల్, మెటొప్రొలాల్ గుండె వేగాన్ని అదుపుచేసే బీటా బ్లాకర్లు. స్టాటిన్ అని ముగిస్తే కొలెస్ట్రాల్, గ్లిప్టిన్ అని ముగిస్తే షుగరు. ప్రిల్ కుటుంబానికి పెద్దయిన కాప్టోప్రిల్ బ్రెజిల్‌లోని ఒక రక్తపింజరి జాతి పాము విషం మీద జరిగిన పరిశోధన నుంచి వచ్చిందంటే ఆ కుటుంబం ఇక మరపున పడదు.

అయితే ఈ తోకలను గుడ్డిగా నమ్మితే బోల్తాపడతారు. ఒమెప్రజోల్ కడుపులో ఆమ్లం తగ్గిస్తుంది. అరిపిప్రజోల్ పేరు కూడా అలాగే ముగుస్తుంది కాని అది స్కిజోఫ్రీనియాకు వాడే మందు. ఫ్లుకొనజోల్ ఫంగస్‌కు, మెట్రోనిడజోల్ అమీబాకు, కొన్ని బాక్టీరియాలకు. చివరి రెండక్షరాలు చూస్తే చాలదు, ముక్క మొత్తం చూడాలి. హైడ్రలజైన్ బీపీకి, హైడ్రాక్సిజైన్ దురదకు, ఆందోళనకు. ఈ రెండూ అల్మారాలో పక్కపక్కన ఉంటే చెయ్యి తడబడుతుంది. అందుకే ఇలాంటి జంట పేర్లలో తేడా ఉన్న అక్షరాలను పెద్దవిగా అచ్చువేసే పద్ధతి అక్కడి ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది.

కుటుంబం పేరు తెలియడం మొదటి మెట్టు మాత్రమే. నేప్లెక్స్ ప్రశ్న లిసినోప్రిల్ ఏ కుటుంబం అని అడిగి ఊరుకోదు. ముప్పై రెండేళ్ళ మహిళ, బీపీకి ఆ మందు వాడుతోంది, నెల రోజులుగా పొడి దగ్గు అంటుంది. ప్రిల్ మందులు ఆపే ఎంజైము శరీరంలో బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని కూడా విరగ్గొడుతుంది. ఎంజైము ఆగితే బ్రాడికైనిన్ పేరుకుని దగ్గు వస్తుంది. సార్టాన్‌లు ఆ ఎంజైము జోలికి పోవు గనుక దగ్గు చాలా అరుదు. కాబట్టి లోసార్టాన్‌కు మార్చడం సరైన జవాబులా కనిపిస్తుంది. ఇంతలో కేసు వివరాల్లో ఎక్కడో ఆమె గర్భవతినని చెప్పిందని ఉంటుంది. రెండు కుటుంబాలూ గర్భంలోని శిశువుకు హాని చేసేవే. అప్పుడు లబెటలాల్, నిఫెడిపిన్ లాంటివి వెతకాలి. పెదవులు, నాలుక వాచాయని ఉంటే కథ మళ్ళీ మారుతుంది, అది ప్రాణాంతకం కావచ్చు, ఆ మనిషికి ఇక ఏ ప్రిల్ మందూ ఇవ్వకూడదు. ఎందుకు దగ్గొస్తుందో అర్థమైనవారికి వాపు ఎందుకొస్తుందో కూడా దాదాపు అర్థమైనట్టే, మూలం అదే బ్రాడికైనిన్. బట్టీ పట్టిన జాబితాకు ఈ వెసులుబాటు ఉండదు.

ఇలాంటి ప్రశ్నలకు సిద్ధం కావాలంటే విషయాలను కలగలిపి సాధన చేయాలి. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ గణితంతో చేసిన ప్రయోగం దీనికి మంచి ఆధారం. ఒక్కో రకం లెక్కను గంపగుత్తగా చేసినవారు సాధనలో 89 శాతం సరిగ్గా చేశారు, రకాలు కలిపి చేసినవారు 60 శాతమే చేశారు. వారం తర్వాత పరీక్షలో మొదటివారికి 20 శాతం, రెండోవారికి 63 శాతం. అధ్యాయం శీర్షిక పైన ఉంటే ఏ సూత్రం వాడాలో ఆలోచించే పని ఉండదు. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. కలిపి చేస్తున్నంతకాలం ఏమీ రావడం లేదనిపిస్తుంది, మార్కులు తక్కువ వస్తాయి, చాలామంది అక్కడే విసిగి పాత పద్ధతికి తిరిగిపోతారు. రాబర్ట్ బ్యోర్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి ఇబ్బందిని కోరుకోదగ్గ కష్టం అన్నాడు.

లెక్కలు

నేప్లెక్స్‌లో 2021 నుంచి అమలైన పాఠ్య ప్రణాళికలో లెక్కలకు 14 శాతం ఇచ్చారు. 2025లో ప్రణాళిక మారినా లెక్కలు పోలేదు. వాటిలో వాడేది హైస్కూలు గణితమే. భాగహారం, నిష్పత్తి, శాతం దాటి వెళ్ళేవి తక్కువ. అయినా జంకు ఎక్కువ, కారణం పొరపాటుకు చోటు చాలాచోట్ల ఉండడం.

పసిపిల్లల చెవి ఇన్‌ఫెక్షనుకు అమాక్సిసిలిన్ రోజుకు కిలో బరువుకు 90 మిల్లీగ్రాములు, రెండు విడతలుగా ఇమ్మని చీటీ వచ్చిందనుకుందాం. పిల్లవాడి బరువు 33 పౌండ్లు అని రాసి ఉంటుంది. 2.2తో భాగిస్తే 15 కిలోలు. రోజుకు 1350 మిల్లీగ్రాములు, ఒక విడతకు 675. సీసాలో 5 మిల్లీలీటర్లకు 400 మిల్లీగ్రాములు ఉంటే విడతకు సుమారు 8.4 మిల్లీలీటర్లు. పౌండ్లను కిలోలుగా మార్చడం మరచిపోతే మోతాదు రెండింతలు దాటుతుంది. మెట్రిక్ కొలతల్లో పెరిగిన భారతీయ విద్యార్థికి పౌండ్లు, అంగుళాలు, ద్రవ ఔన్సులు, ఫారన్‌హీట్ అన్నీ కొత్తగా అలవాటు కావలసినవే. చెంచా అంటే 5, పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లు అన్నది కూడా.

ఇంకా గట్టి ఉదాహరణ మూత్రపిండాలది. చాలా మందులు మూత్రం ద్వారా బయటికి పోతాయి. మూత్రపిండాలు నీరసిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది. అవి ఎంత పనిచేస్తున్నాయో అంచనా వేయడానికి కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ 1976లో ఒక సూత్రం ఇచ్చారు. 140 నుంచి వయసు తీసేసి, కిలోల్లో బరువుతో గుణించి, రక్తంలోని క్రియాటినిన్‌కు 72 రెట్లతో భాగించాలి. స్త్రీలకైతే 0.85తో గుణించాలి. డెబ్బై ఏళ్ళ స్త్రీ, బరువు 54 కిలోలు, క్రియాటినిన్ 1.5 అయితే 70 ను 54తో గుణిస్తే 3780, దాన్ని 108తో భాగిస్తే 35. 0.85తో గుణిస్తే 29.75, నిమిషానికి మిల్లీలీటర్లలో. ఆమె కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఎనాక్సపారిన్ సూది మందు రాశారు. దీని మామూలు చికిత్స మోతాదుల్లో ఒకటి కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున రోజుకు రెండుసార్లు. ఆ అంకె 30 కంటే తగ్గితే రోజుకు ఒక్కసారే. 0.85 మరచినవారికి 35 వస్తుంది, రెండుసార్లు ఇచ్చేస్తారు. మనిషికి వెళ్ళే మందు రెట్టింపవుతుంది, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఒక దశాంశ గుణకానికి ఇంత విలువ ఉందని ఒకసారి చూసినవారు దాన్ని మళ్ళీ మరచిపోరు. సూత్రాన్ని విడిగా కాకుండా మందుతో, మనిషితో కలిపి చదవమనేది అందుకే.

మిశ్రమాల లెక్కకు పాతకాలం నుంచి ఒక చక్కని ఉపాయం ఉంది. 70 శాతం, 20 శాతం ద్రావణాలు కలిపి 30 శాతం చేయాలి. 70కి, 30కి మధ్య తేడా 40, 30కి, 20కి మధ్య తేడా 10. తేడాలను ఎదురెదురుగా మార్చి వేస్తే 70 శాతం ద్రావణం 10 పాళ్ళు, 20 శాతం ద్రావణం 40 పాళ్ళు. 500 మిల్లీలీటర్లు కావాలంటే 100, 400. సెలైన్ చుక్కల లెక్క, శాతాల మార్పిడి లాంటివి ఇంతకంటే సులువు, రోజుకు అరగంట చొప్పున చేస్తూ పోతే చేతికి వస్తాయి. లెక్కలను ఆఖరి వారానికి వదిలేయడం ఈ పరీక్షకు చదివేవారు చేసే అతి చెడ్డ నిర్ణయం.

గణాంకాల ప్రశ్నలు చిన్నవే అయినా మెలిక పెడతాయి. ఒక మందు వాడనివారిలో 4 శాతం మందికి, వాడినవారిలో 3 శాతం మందికి గుండెపోటు వచ్చిందంటే ముప్పు 25 శాతం తగ్గిందని ప్రకటన వేయవచ్చు. అదే మాటను, నూటికి ఒక్కరికి మేలు జరిగిందని, ఒక గుండెపోటు తప్పించడానికి వందమందికి మందు వేయాలని కూడా చెప్పవచ్చు. రెండూ నిజమే. ఫార్మసిస్టుకు రెండో లెక్క తప్పక తెలియాలి.

చట్టం

ఎంపీజేఈలో 120 ప్రశ్నలు, రెండున్నర గంటలు. కేంద్ర చట్టమూ రాష్ట్ర చట్టమూ కలిపి అడుగుతారు, ప్రశ్నలో ఏది కేంద్రానిది ఏది రాష్ట్రానిది అని విడదీయరు. రెండూ వేరుగా ఉన్నప్పుడు ఏది ఎక్కువ కట్టుదిట్టమో దాన్నే పాటించాలి. 1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టం మత్తు మందులను ఐదు షెడ్యూళ్ళుగా విభజించింది. రెండో షెడ్యూలు మందులకు రీఫిల్ లేదు, ప్రతిసారీ కొత్త చీటీ రావాలి. మూడు, నాలుగు షెడ్యూళ్ళకు ఆరు నెలల్లోపు ఐదు రీఫిళ్ళ వరకు ఇవ్వవచ్చు. భారతదేశంలో చదువుకున్నవారికి షెడ్యూలు అనగానే హెచ్, హెచ్1, ఎక్స్ తలకెక్కి ఉంటాయి. హెచ్1 మందుల అమ్మకాన్ని విడి రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలన్నది మన నిబంధన. పేరు ఒకటే గాని రెండింటి అమరికకూ సంబంధం లేదు కాబట్టి పాతదాన్ని పక్కనపెట్టి కొత్తగా మొదలుపెట్టడమే సుఖం. ఎక్కువ అంకెలు, గడువులు ఉన్న ఈ సబ్జెక్టుకు అట్టముక్కల పద్ధతి అన్నిటికంటే బాగా నప్పుతుంది.

విదేశాల నుంచి వెళ్ళేవారికి

హైదరాబాదులోనో గుంటూరులోనో ఫార్మసీ చదివి అమెరికాలో పనిచేయాలనుకునేవారికి నేప్లెక్స్ కంటే ముందు మరో గుమ్మం ఉంది. ఎన్‌ఏబీపీయే నడిపే ఎఫ్‌పీజీఈసీ ధ్రువపత్రం సంపాదించాలి. దీనికి పట్టాల పరిశీలన, టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష, ఎఫ్‌పీజీఈఈ అనే 200 ప్రశ్నల పరీక్ష ఉంటాయి. ఇక్కడే చాలామంది ఆశ ఆగిపోతుంది. 2003 జనవరి 1 తర్వాత పట్టా పొందినవారు కనీసం ఐదేళ్ళ ఫార్మసీ కోర్సు చదివి ఉండాలని నియమం. నాలుగేళ్ళ బి.ఫార్మసీ దానికి చాలదు. భారత ఫార్మసీ కౌన్సిల్ 2008లో ఆరేళ్ళ ఫార్మ్‌.డి. కోర్సుకు నిబంధనలు తెచ్చాక ఆ దారి తెరుచుకుంది. తెలుగు రాష్ట్రాల్లో ఫార్మ్‌.డి. కళాశాలలు పుట్టుకురావడానికి ఇది కూడా ఒక ఆకర్షణ. అందులో చేరేముందు అమెరికా ఆశ ఉన్న తల్లిదండ్రులు ఈ నియమాన్ని చూసుకోవడం మంచిది. బి.ఫార్మసీ అయ్యాక అమెరికా వెళ్ళి చేసిన ఎం.ఎస్. డిగ్రీ ఈ లోటును పూడ్చదు.

ఎఫ్‌పీజీఈఈ ప్రశ్నల్లో ఐదో వంతుకు పైగా సామాజిక, పరిపాలనా విషయాల నుంచి వస్తాయి. ఫార్మకాలజీలో దిట్టలైనవారు కూడా ఇక్కడ తడబడతారు. మెడికేర్ 65 ఏళ్ళు దాటినవారికి, మెడికెయిడ్ పేదలకు అన్న మొదటి పాఠం నుంచి బీమా వ్యవస్థ, గణాంకాలు, మందుల ఆర్థికశాస్త్రం అన్నీ చదవాలి. టోఫెల్‌లో మాట్లాడే విభాగానికి 30కి 26 అడుగుతూ వచ్చారు, చాలామందికి మొత్తం ప్రయాణంలో ఇదే గట్టి అడ్డంకి. రోగికి మందు ఎలా వాడాలో చెప్పడం వృత్తిలో సగభాగం కాబట్టి ఆ పట్టుదలను తప్పుపట్టలేం.

మందుల పేర్లూ మారతాయి. మన పారాసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్. సాల్బుటమాల్ అల్బుటెరాల్ అవుతుంది, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, రిఫాంపిసిన్ రిఫాంపిన్, గ్లిబెన్‌క్లమైడ్ గ్లైబ్యురైడ్, పెథిడిన్ మెపెరిడిన్. డోలో, క్రోసిన్ అంటే అక్కడ ఎవరికీ తెలియదు, టైలెనాల్ అనాలి. పరీక్షలో తెలిసిన మందే తెలియని పేరుతో ఎదురైతే ఒక నిమిషం వృథా. ధ్రువపత్రం చేతికొచ్చాక ఆ రాష్ట్రం చెప్పినన్ని గంటలు ఇంటర్న్‌గా పనిచేయాలి, చాలాచోట్ల అది 1500 గంటల దాకా ఉంటుంది. ఆ తర్వాతే నేప్లెక్స్, ఎంపీజేఈ. కౌంటరు దగ్గర గడిపే ఆ గంటలను పరీక్ష చదువులో భాగంగా వాడుకున్నవారికి పని తేలికవుతుంది. ఆ రోజు చేతిమీదుగా వెళ్ళిన మందుల్లో తెలియనివాటిని రాసుకుని రాత్రి చూసుకుంటే చాలు.

ఇక భారతదేశంలోనే పనిచేసేవారి విషయానికొస్తే, 2022 దాకా 1948 నాటి ఫార్మసీ చట్టం కింద డిప్లొమా లేదా డిగ్రీ పూర్తిచేసి రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుంటే సరిపోయేది. విడిగా లైసెన్సు పరీక్ష ఉండేది కాదు. ఆ ఏడాది ఫార్మసీ కౌన్సిల్ డి.ఫార్మసీ పూర్తిచేసినవారికి ఎగ్జిట్ పరీక్ష పెడుతూ నిబంధనలు జారీచేసింది. మూడు పేపర్లు, అన్నీ ఎంపిక ప్రశ్నలే, ప్రతిదానికీ మూడు గంటలు. ప్రతి పేపరులోనూ 50 శాతం రావాలి, మూడూ ఒకే విడతలో గట్టెక్కాలి. ఎన్నిసార్లు రాయాలన్నదానికి హద్దు లేదు. ఇదీ ర్యాంకుల పరీక్ష కాదు, అర్హత పరీక్షే. కేసుల రూపంలో ప్రశ్నలు అడిగితేనే దీనికి విలువ. పాఠ్యపుస్తకంలోని నిర్వచనాలను అడిగితే రెండేళ్ళ కోర్సు చివర ఇంకో వార్షిక పరీక్ష అవుతుంది, అంతే.

అమెరికాలో లైసెన్సు వచ్చాక కూడా చదువు ఆగదు. చాలా రాష్ట్రాలు దాన్ని పునరుద్ధరించుకోవడానికి రెండేళ్ళకు 30 గంటల నిరంతర విద్య అడుగుతున్నాయి.